హెడ్ కోచ్‌ను తొలగించిన నవంబరు: ఒక కాలేజీ ఫుట్‌బాల్ కార్యాలయంలో నా అనుభవం

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక హెడ్ కోచ్‌ను తొలగించినప్పుడు బయటి వారికి చేరేది సాధారణంగా రెండు పేర్లు, ఒక అంకె. వెళ్లిపోతున్న కోచ్ పేరు, రాబోతున్న కోచ్ పేరు, ఒప్పందాన్ని మధ్యలో తెంచినందుకు విశ్వవిద్యాలయం చెల్లించాల్సిన డాలర్ల మొత్తం. ఆ రెండు పేర్లకూ మధ్య గడిచే వారాల్లో లోపల పని ఎలా సాగుతుందో, ఎవరి జీవనోపాధి ఎటు మళ్లుతుందో దగ్గర నుంచి చూసే అవకాశం నాకు 2023 సీజన్‌లో కలిగింది. అప్పుడు నేను అమెరికా దక్షిణ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టుకు వీడియో, డేటా విభాగంలో పనిచేస్తున్నాను. ఆ విశ్వవిద్యాలయం పేరు గానీ, అక్కడి మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. వారిలో చాలామంది ఇప్పటికీ ఇదే రంగంలో ఉన్నారు, వారి కష్టకాలాన్ని పేర్లతో సహా బయటపెట్టే హక్కు నాకు లేదు.

మాది గుంటూరు జిల్లా. డేటా సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చి, చదువుకుంటూనే గంటల లెక్కన జీతానికి వీడియో గదిలో పనికి కుదిరాను. డిగ్రీ చేతికి వచ్చాక ఓపీటీ (విద్యార్థి వీసాపై చదువు తర్వాత కొంతకాలం పనిచేసే అనుమతి) మీద అక్కడే పూర్తికాలపు ఉద్యోగం ఇచ్చారు. పని పైకి చూస్తే చిన్నదే. ప్రతి ఆటనూ, ప్రతి ప్రాక్టీసునూ పక్క నుంచి ఒక కెమెరా, మైదానం చివరి భాగమైన ఎండ్ జోన్ వెనుక ఎత్తు నుంచి ఇంకో కెమెరా చిత్రీకరిస్తాయి. ఆ దృశ్యాలను ఒక్కొక్క ప్లేగా, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నంగా విడగొట్టి, అది ఎన్నో డౌన్ (పది గజాలు దాటడానికి జట్టుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఎక్కడుంది, ఏ ఫార్మేషన్ (ఆటగాళ్ల అమరిక), మైదానంలో టైట్ ఎండ్లు, రన్నింగ్ బ్యాక్‌లు అనే స్థానాల ఆటగాళ్లు ఎంతమంది అన్న వివరాలన్నీ నమోదు చేయాలి. మూడో డౌన్‌లో ఏడు గజాలకు పైగా కావలసినప్పుడు రాబోయే ప్రత్యర్థి ఏం చేస్తాడని కోచ్ అడిగితే, ఆ సీజన్‌లోని అలాంటి ప్లేలన్నీ వరసగా ఆయన తెర మీదకు రావాలి. శనివారం రాత్రి ఆట ముగిస్తే ఆదివారం ఉదయం కోచ్‌లు వచ్చి కూర్చునేసరికి ఇదంతా సిద్ధంగా ఉండాలి కాబట్టి, శనివారం రాత్రి నిద్ర అన్నది మా గదిలో ఎవరికీ అలవాటు లేదు.

మేం ఆ సీజన్‌ను బాగానే మొదలుపెట్టి, అక్టోబరులో వరసగా ఓడిపోయాం. కోచ్‌ను మార్చబోతున్నారన్న మాట ముందు బయట పుడుతుంది, తర్వాత కార్యాలయంలోకి వస్తుంది, కానీ కార్యాలయంలో దాన్ని ఎవరూ పైకి అనరు. దాని ఆనవాళ్లు మాత్రం పనిలో కనిపిస్తాయి. విశ్వవిద్యాలయపు క్రీడలన్నిటినీ చూసే, సాధారణంగా ప్రాక్టీసుకు రాని అథ్లెటిక్ డైరెక్టర్ వారం మధ్యలో వచ్చి గోడ పక్కన నిలబడి చూసి వెళ్లిపోతాడు. వచ్చే వసంతానికి కొనాల్సిన పరికరాల దస్త్రం సంతకం కాకుండా ఆగిపోతుంది. హైస్కూలు ఆటగాళ్లను ఫోనులో పలకరించే రిక్రూటింగ్ సిబ్బంది గొంతు తగ్గించి మాట్లాడతారు, ఎందుకంటే అవతలి నుంచి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న మీ కోచ్ ఉంటాడా అన్నదే.

సీజన్ ఇంకా రెండు ఆటలు మిగిలి ఉండగానే ఎందుకు తొలగిస్తారు, ముగిసేదాకా ఆగవచ్చు కదా అని మన వాళ్లు చాలామంది నన్ను అడిగారు. అందుకు ప్రధాన కారణం కోపం కాదు, క్యాలెండరు. ఆ ఏడాది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాళ్లు పేర్లు నమోదు చేసుకునే జాబితా) డిసెంబరు 4న తెరుచుకోవాలి. హైస్కూలు ఆటగాళ్లు ఫలానా విశ్వవిద్యాలయంలో చేరతామని ముందుగా సంతకాలు చేసే గడువు డిసెంబరు 20న మొదలవ్వాలి. నవంబరు చివరి శనివారంతో మామూలు సీజన్ ముగిశాక అప్పుడు అన్వేషణ మొదలుపెడితే, కొత్త కోచ్ వచ్చేసరికి ఈ రెండూ చేయి దాటిపోతాయి. పక్క విశ్వవిద్యాలయాలు కూడా అదే సమయంలో కోచ్ కోసం వెతుకుతుంటాయి కనుక, ముందు ఖాళీ ప్రకటించిన వారి ఫోన్లకు ఏజెంట్లు ముందు జవాబిస్తారు. 2017లో ముందస్తు సంతకాల గడువును డిసెంబరులో పెట్టిన నాటి నుంచీ నిర్ణయాలు నవంబరులోకీ, అక్కడి నుంచి అక్టోబరులోకీ జరుగుతూ వచ్చాయి. పెద్ద విశ్వవిద్యాలయాల ఓపిక నశించిందని రాసే వారు ఈ గడువుల సంగతి కూడా రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

మా హెడ్ కోచ్‌ను ఒక ఆదివారం తొలగించారు. ఆదివారాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ రోజు తరగతులు ఉండవు, ప్రాక్టీసు తేలికగా ఉంటుంది, జట్టు మొత్తం ఒకే సమావేశానికి ఎలాగూ వస్తుంది. ఆ ఉదయం మేం ముందు రోజు ఆట వీడియోను ప్లేలుగా కోసి, పేర్లు పెట్టి, కోచ్‌ల గదులకు పంపించి కూర్చున్నాం. హెడ్ కోచ్ ఆ ఫైలు తెరవలేదని మా వ్యవస్థలో కనిపిస్తూనే ఉంది. ఆయన ప్రతి ఆదివారం అందరికంటే ముందు తెరిచేవాడు. జట్టు సమావేశం మధ్యాహ్నానికి పెట్టారు, కానీ అంతకు చాలా ముందే ఒక విలేకరి ఆ వార్తను సామాజిక మాధ్యమంలో పెట్టేశాడు. కుర్రాళ్లు సమావేశ మందిరంలోకి వచ్చేటప్పటికే ప్రతి ఒక్కరి చేతిలో ఫోను, ఫోనులో ఆ వార్త ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తన ఇంటికి వచ్చి, అమ్మానాన్నలతో కూర్చుని, తనను జట్టులోకి తీసుకొచ్చిన మనిషి వెళ్లిపోతున్నాడని ఆయన నోటి నుంచి కాక ఒక అపరిచితుడి నుంచి తెలుసుకున్నాడు. ఆ ప్రక్రియ మొత్తంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే, ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

అథ్లెటిక్ డైరెక్టర్ క్లుప్తంగా మాట్లాడి, తాత్కాలిక హెడ్ కోచ్‌గా అఫెన్సివ్ లైన్ కోచ్ ఉంటారని ప్రకటించి పక్కకు తప్పుకున్నారు. తర్వాత హెడ్ కోచ్ లోపలికి వచ్చారు. సిబ్బందిమి గోడ వెంబడి నిలబడి ఉన్నాం. ఆయన ఎవరినీ నిందించలేదు. తరగతులు మానవద్దని, మిగిలిన రెండు ఆటలూ చివరి సంవత్సరం ఆటగాళ్ల కోసం ఆడమని చెప్పి, ఒక్కొక్క వరసకూ వెళ్లి చేతులు కలిపారు. ఆ సాయంత్రానికి ఆయన ఈమెయిలు మూసివేశారు, తలుపు కార్డు పనిచేయడం మానేసింది. మా విభాగానికి న్యాయ విభాగం నుంచి ఆదేశం వచ్చింది: ఏ ఫైలునూ తొలగించవద్దు, ఏ ఫైలునూ అనుమతి లేకుండా బయటికి ఇవ్వవద్దు. ఇన్నేళ్ల ప్లేబుక్కులు (ఆట పథకాల పుస్తకాలు), గుర్తులు పెట్టుకున్న వీడియోలు విశ్వవిద్యాలయపు ఆస్తి అన్నది వారి లెక్క. వాటిని తయారుచేసిన మనిషి వాటిని తన వృత్తి అనుకుంటాడు. ఈ రెండు లెక్కల మధ్యా ఆ వారమంతా మా గది నలిగింది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మకు అర్థం కాలేదు. ఆయన ఉద్యోగం పోతే నీ ఉద్యోగానికేం, నువ్వు కంప్యూటర్ల పని కదా చేసేది అంది. పక్కనే ఉన్న నాన్నగారు ఇళ్ల నిర్మాణం పనుల్లో ఉన్న మనిషి కాబట్టి ఆయనకు వెంటనే తట్టింది. మేస్త్రి మారితే ముఠా మొత్తం మారుతుంది, అంతే కదరా అన్నారు. అంతేనన్నాను. కొత్త హెడ్ కోచ్ దాడి, రక్షణ విభాగాలను నడిపే తన కోఆర్డినేటర్లను తెచ్చుకుంటాడు, బలసాధన కోచ్‌ను తెచ్చుకుంటాడు, రిక్రూటింగ్ అధిపతిని తెచ్చుకుంటాడు, చివరికి తనకు నచ్చిన పద్ధతిలో వీడియో కోసే మనిషిని కూడా తెచ్చుకుంటాడు. అప్పట్లో హెడ్ కోచ్ కాక 10 మంది సహాయ కోచ్‌లు మాత్రమే మైదానంలో నేర్పవచ్చన్న నిబంధన ఉండేది, దాన్ని 2024 వేసవిలో సడలించారు. ఆ పది మంది వెనుక అనలిస్టులు, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, రిక్రూటింగ్ వారు, ఆపరేషన్స్ వారు, పోషకాహార నిపుణులు, మేం కలిసి ఎన్నో రెట్లు ఉంటాం. వార్తల్లో పది మంది పేర్లు కూడా రావు, మా సంగతి సరే సరి.

ఇక్కడే డబ్బు సంగతి చెప్పాలి. మా దగ్గర ఇది జరిగిన ఆ నవంబరులోనే, 12వ తేదీన, టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం జింబో ఫిషర్‌ను తొలగించింది. ముందు రోజే ఆ జట్టు మిసిసిపీ స్టేట్‌ను 51-10 తేడాతో ఓడించింది, అయినా నిర్ణయం ఆగలేదు. ఆయనకు 2021లో పొడిగించిన ఒప్పందం 2031 వరకూ ఉంది, అందులోని జీతమంతా హామీతో కూడుకున్నది. దాని ప్రకారం విశ్వవిద్యాలయం ఆయనకు 7.6 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. అందులో 1.92 కోట్లు 60 రోజుల లోపల, తర్వాత ఏటా 72 లక్షలు చొప్పున 2031 దాకా చెల్లించాలి. ఆయన వేరే చోట ఉద్యోగంలో చేరినా ఈ మొత్తం తగ్గదు. అన్ని ఒప్పందాలూ అలా ఉండవు. చాలా వాటిలో, తొలగించిన కోచ్ మళ్లీ పని వెతుక్కోవాలనీ, అక్కడ వచ్చే జీతాన్ని పాత విశ్వవిద్యాలయం చెల్లించేదాంట్లోంచి మినహాయించాలనీ రాసుకుంటారు. ఈ ఒక్క షరతు ఉండటం, లేకపోవడం మధ్య కోట్ల డాలర్ల తేడా వస్తుందని 2025లో బాగా కనిపించింది. ఆ అక్టోబరులో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం తన హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించినప్పుడు ఆయనకు రావలసింది సుమారు 4.9 కోట్ల డాలర్లన్నారు. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌లో చేరడంతో పెన్ స్టేట్ భారం సుమారు 90 లక్షలకు దిగింది.

సహాయ కోచ్‌లకు సాధారణంగా ఒకటి రెండేళ్ల ఒప్పందాలు ఉంటాయి కాబట్టి వారికి కొన్ని నెలల జీతమైనా అందుతుంది. సహాయక సిబ్బందిలో చాలామందికి ఒప్పందమే ఉండదు. మాకు మానవ వనరుల విభాగం ఇచ్చిన ఉత్తరంలో జనవరి నెలాఖరు దాకా పని ఉంటుందనీ, ఆ తర్వాత కొత్త హెడ్ కోచ్ నిర్ణయాన్ని బట్టి ఉంటుందనీ రాసి ఉంది. ఓపీటీ మీద ఉన్న వాడికి ఆ వాక్యంలో ఇంకో అర్థం ఉంది. ఓపీటీ మొదటి విడతలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపులోకి (సైన్స్, టెక్నాలజీ వంటి చదువుల వారికి దొరికే అదనపు గడువులోకి) వెళ్లాక అది మొత్తం మీద 150 రోజులు అవుతుంది, కానీ ఆ పొడిగింపు కావాలంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదైన యజమాని ఉండాలి, చేసే పని చదివిన చదువుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. నేను మరుసటి ఉదయమే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి తేదీలన్నీ రాయించుకున్నాను. అక్కడి అధికారిణికి ఫుట్‌బాల్‌తో పనిలేదు, చివరి జీతం తేదీ ఏదన్నదే ఆమె ప్రశ్న. ఆ కార్యాలయంలో కూర్చున్నంత సేపూ ఎంతో ధైర్యంగా అనిపించింది, ఎందుకంటే ఆ వారంలో కచ్చితమైన జవాబులు దొరికిన చోటు అదొక్కటే.

తాత్కాలిక కోచ్ ఆధ్వర్యంలో గడిచిన రెండు వారాలను నేను ఎప్పటికీ మరచిపోలేను. ఆయనకు ఆ పదవి శాశ్వతం కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆయన మొదటి రోజే సమావేశాల నిడివి తగ్గించి, ప్రాక్టీసు అయ్యాక కుర్రాళ్లతో విడివిడిగా మాట్లాడటానికి ఆ సమయం వాడారు. హెడ్ కోచ్ తొలగిపోయిన మర్నాటి నుంచి ఆ జట్టు ఆటగాళ్లకు 30 రోజుల పాటు పోర్టల్ తెరుచుకునే నిబంధన అప్పుడు అమల్లో ఉంది. అంటే ఇంకా రెండు ఆటలు ఆడాల్సిన కుర్రాడికి, రేపే పేరు నమోదు చేసుకుని వేరే విశ్వవిద్యాలయం చూసుకునే అవకాశం ఉంది. అతడికి ఫోన్లు వస్తున్నాయని అందరికీ తెలుసు. తాత్కాలిక కోచ్ ఎవరినీ ఆపే మాటలు చెప్పలేదు. వెళ్లేవాళ్లు వెళ్లండి, వెళ్లే ముందు నాకు చెప్పండి, మీ వీడియో నేను దగ్గరుండి తయారుచేయిస్తాను అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. ముగ్గురు నలుగురు వెంటనే వెళ్లిపోయారు, ఎక్కువమంది ఉండి ఆడారు. చివరి ఆటలో ఓడిపోయాం, చివరి క్వార్టర్ దాకా పోటీ ఇచ్చాం. ఆయన్ను శాశ్వత పదవికి పరిశీలించారని నేననుకోను. మామూలుగా ఆ కుర్చీలో కూర్చున్న వారు ఎంత బాగా చేసినా, మార్పు కోసం తొలగించాం కదా అన్న ఆలోచన వారికి అడ్డుపడుతుంది.

ఆ రెండు వారాల్లోనే సహాయ కోచ్‌లు ఒక్కొక్కరూ రాత్రిపూట మా గదికి రావడం మొదలైంది. వారికి కావలసింది ఇంటర్వ్యూకు పట్టుకెళ్లే కటప్. తన ఆటగాళ్లకు తాను నేర్పినది మైదానంలో ఎలా కనిపించిందో చూపించే వీడియో అది. దానికి అథ్లెటిక్ విభాగం నుంచి అనుమతి తెప్పించడానికి మా డైరెక్టర్ కొంత పోరాడాల్సి వచ్చింది. అనుమతి వచ్చిన రాత్రి, రక్షణలో మధ్య వరసలో ఆడే లైన్‌బ్యాకర్ల కోచ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, ఈ వృత్తిలో ఎన్నో ఊళ్లు మారిన మనిషి. ఆయన కూతురు హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంది, ఆమెను మధ్యలో బడి మార్పించకూడదన్నది ఆయన ఏకైక పట్టుదల. నేను డేటా నుంచి మూడో డౌన్‌లో ఆయన ఆటగాళ్లు విజయవంతంగా ఒత్తిడి తెచ్చిన ప్లేలన్నీ తీసి వరసగా పెట్టాను. ఆయన చూస్తూ చూస్తూ ఒక చోట ఆపించి, సెప్టెంబరులో మేం ఓడిన ఆటలోని ఒక ప్లే తీయమన్నారు. అందులో ఆయన కుర్రాడు తప్పుడు వైపు అడుగు వేశాడు, టచ్‌డౌన్ ఇచ్చుకున్నాం. ఇదెందుకండీ అంటే, దీని తర్వాత ఇదే ఫార్మేషన్ అక్టోబరులో వచ్చింది, అదీ తీసి దీని పక్కన పెట్టు అన్నారు. రెండో దాంట్లో అదే కుర్రాడు సరైన వైపు అడుగు వేసి, బంతితో పరిగెత్తేవాడిని ప్లే మొదలయ్యే గీత దగ్గరే పట్టుకున్నాడు. ఆ రెండు ప్లేలనూ అతడి పాదాల దగ్గర నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తూ, నన్ను పనిలో పెట్టుకునేవాడు అడగాల్సింది ఈ రెండిటి మధ్య నేనేం చేశానన్నదే అని చెప్పారు. మంచివన్నీ గుదిగుచ్చి పట్టుకెళ్లే వారిని ఆ తర్వాత చాలామందిని చూశాను గానీ, శిక్షణ అంటే ఏమిటో అంత స్పష్టంగా చూపించిన వీడియో నాకు మళ్లీ తగల్లేదు.

కొత్త కోచ్ కోసం అన్వేషణ మాకు గోడ అవతల జరిగింది. అథ్లెటిక్ డైరెక్టర్ ఒక అన్వేషణ సంస్థను పెట్టుకున్నారు. ఈ సంస్థలు ఎవరికీ తెలియని గొప్ప కోచ్‌ను కనిపెడతాయని అనుకోకూడదు. వాటి అసలు ఉపయోగం గోప్యత. ఇంకో చోట పనిచేస్తున్న హెడ్ కోచ్‌తో ప్రభుత్వ విశ్వవిద్యాలయపు అధికారి నేరుగా ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో మాట్లాడితే, బహిరంగ దస్తావేజుల చట్టం కింద ఎవరైనా వాటిని అడగవచ్చు. సంస్థ మధ్యలో ఉంటే ఏజెంటుతో సంస్థ మాట్లాడుతుంది. అర్హతల పరిశీలన కూడా వారే చేస్తారు. ఆ పరిశీలన ఎందుకు ముఖ్యమో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి 2001 డిసెంబరులో తెలిసి వచ్చింది, అక్కడ నియమితుడైన జార్జ్ ఓలియరీ తన వివరాల్లో చదువు గురించీ, ఆడిన రోజుల గురించీ నిజం కానివి ఉన్నాయని బయటపడి 5 రోజులకే రాజీనామా చేశారు.

అభ్యర్థుల జాబితా ప్రతి చోటా దాదాపు ఒకే మూసలో ఉంటుంది. చిన్న కాన్ఫరెన్సులో (తమలో తాము ఆడుకునే జట్ల సమూహంలో) గెలుస్తున్న హెడ్ కోచ్ ఒకరు, పెద్ద జట్టులోని కోఆర్డినేటర్ ఒకరు, ఆ విశ్వవిద్యాలయంలోనే ఆడిన పూర్వ విద్యార్థి ఒకరు, ఇంకో చోట తొలగించబడి ఒక ఏడాది అనలిస్టుగా గడిపిన అనుభవజ్ఞుడు ఒకరు. వీటికి తోడు, రావాలన్న ఉద్దేశం లేకపోయినా ఉన్న చోట జీతం పెంచుకోవడానికి ఏజెంటు ద్వారా పేరు బయటికి వదిలించుకునే వారు ఉంటారు. అభిమానులు ప్రైవేటు విమానాల రాకపోకలను ఇంటర్నెట్‌లో గమనిస్తూ ఎవరు ఎక్కడ దిగారో లెక్కలు వేస్తుంటారు. దాతల అభిప్రాయమూ, అభిమానుల అభిప్రాయమూ నిజంగానే ఫలితాన్ని మారుస్తాయి. టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఆ నవంబరు చివరి శనివారం రాత్రి కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్‌ను తీసుకోబోతోందన్న వార్త వచ్చేసరికి అభిమానులు ఎదురుతిరిగారు, తెల్లవారేసరికి స్టూప్స్ కెంటకీలోనే ఉండిపోతున్నానన్నారు. తర్వాత ఆ పదవి డ్యూక్ కోచ్ మైక్ ఎల్కోకు దక్కింది. ఆయన గతంలో అక్కడే డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా పనిచేసిన వాడే. అలాంటి ఒక్క రాత్రిలో ఎంతమంది సహాయకుల భవిష్యత్తు అటూ ఇటూ మారిపోతుందో, లోపల ఉన్న వారికే తెలుస్తుంది.

మా కొత్త హెడ్ కోచ్ డిసెంబరు మొదటి వారంలో వచ్చారు. పత్రికా సమావేశం అయిన వెంటనే రిక్రూట్లకు ఫోన్లు చేయడానికి కూర్చున్నారు. సంతకాలకు రెండు వారాలే ఉన్నాయి. పాత కోచ్‌కు మాటిచ్చిన హైస్కూలు కుర్రాళ్లలో కొందరిని ఆయన కొనసాగించలేదు. అలాంటి పిల్లల ఇళ్లలో ఆ డిసెంబరు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవడమే కష్టం, ఎందుకంటే అప్పటికి మిగతా విశ్వవిద్యాలయాల్లో చోట్లు దాదాపు నిండిపోయి ఉంటాయి. సహాయ కోచ్‌లలో ఇద్దరిని ఉంచుకుని, మిగిలిన వారికి మర్యాదగా సెలవు చెప్పారు. సహాయక సిబ్బందిని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు. నన్ను అడిగింది మూడే సంగతులు: ఏ సాఫ్ట్‌వేరు వాడుతున్నాం, పాత వీడియోల నిల్వ ఏ క్రమంలో ఉంది, నా వీసా పరిస్థితి ఏమిటి. మూడోది అడగడం నాకు నచ్చింది. ఆయన తన వీడియో డైరెక్టర్‌ను వెంట తెచ్చుకుంటున్నానని దాచకుండా చెప్పి, వసంతకాలపు ప్రాక్టీసు ముగిసే దాకా పాత నిల్వలన్నీ కొత్త పద్ధతిలోకి మార్చే పని మీద నన్ను ఉంచుతానన్నారు. మా పాత డైరెక్టర్‌కు ఆ మాత్రం గడువు కూడా దొరకలేదు. ఎంతో కాలంగా అక్కడ పనిచేసిన ఆయన జనవరి చివరి రోజున అట్టపెట్టెలతో వెళ్లిపోయారు. నాకు ఈ పని నేర్పింది ఆయనే, గుంటూరు నుంచి వచ్చిన నాకు కవర్ టూ, కవర్ త్రీ అనే రక్షణ అమరికల తేడా కాగితం మీద గీసి చెప్పింది ఆయనే.

జనవరి రెండో వారంలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం వార్షిక సమావేశం నాష్‌విల్‌లో జరిగింది, నేనూ సొంత ఖర్చుతో వెళ్లాను. పైకి అది ఉపన్యాసాల సభ. నిజానికి ఆ హోటల్ లాబీ అమెరికాలోకెల్లా పెద్ద ఉద్యోగాల సంత. వేలమంది కోచ్‌లు, వారిలో ఎన్నో వందల మంది అప్పటికి పని లేని వారు, వెళ్లిపోయిన జట్టు చొక్కా వేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక సాదా చొక్కాల్లో తిరుగుతుంటారు. యువకులు రెజ్యూమెలు పట్టుకుని నిలబడతారు. పెద్దవాళ్లు ఏమీ పట్టుకోరు, తెలిసిన వాడి కళ్లలో పడేలా దారి మధ్యలో నిలబడతారు. మా లైన్‌బ్యాకర్ల కోచ్ నన్ను వెంటబెట్టుకుని, కలిసిన ప్రతివారికీ, మా కటప్‌లు ఇంత బాగుండటానికి కారణం ఈ అబ్బాయి అని పరిచయం చేశారు. ఆయనకే అప్పటికి ఉద్యోగం లేదు.

ఆ సభ ముగిసిన మర్నాడు, 2024 జనవరి 10న, అలబామా కోచ్ నిక్ సేబన్ విరమణ ప్రకటించారు. రెండు రోజుల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి కేలన్ డిబోర్ అలబామాకు వెళ్లారు. ఆయన స్థానంలోకి అరిజోనా నుంచి జెడ్ ఫిష్ వెళ్లారు. అరిజోనాకు శాన్ హోసే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెన్నన్ వెళ్లారు. శాన్ హోసేకు కెన్ నియుమటలోలో వచ్చారు. ఒక్క మనిషి విశ్రాంతి తీసుకుంటే, ఇన్ని ఊళ్లలో సిబ్బంది మొత్తం కదిలింది. అందరూ హెడ్ కోచ్‌ల వరకే చూశారు. ఆ కదలికలో కింది స్థాయిలో ఏర్పడిన ఖాళీలు చాలా దూరం పాకాయి, ఎవరో ఎక్కడికో వెళ్లగా ఏర్పడిన ఒక ఖాళీలో మా లైన్‌బ్యాకర్ల కోచ్‌కు ఫిబ్రవరిలో పని దొరికింది. కుటుంబాన్ని జూన్ వరకు కదిలించకుండా, కూతురు పట్టా తీసుకునే దాకా ఆయన ఒక్కరే కొత్త ఊళ్లో అద్దె గదిలో ఉన్నారు. వసంతం చివర్లో అక్కడ డేటా పనికి మనిషి కావలసి వచ్చినప్పుడు ఆయన నా పేరు చెప్పారు. ఆ విశ్వవిద్యాలయానికి ఈ-వెరిఫైలో నమోదు ఉందా అన్నది ముందే కనుక్కుని, అటు చివరి జీతం తేదీకీ ఇటు మొదటి జీతం తేదీకీ మధ్య దాదాపు విరామం లేకుండా చేరగలిగాను. తర్వాత స్టెమ్ పొడిగింపు కూడా అక్కడి నుంచే తీసుకున్నాను.

ఆ సీజన్ తర్వాత నిబంధనలు చాలా మారాయి. ముందస్తు సంతకాల గడువును 2024 నుంచి డిసెంబరు మొదటి వారానికి జరిపారు. విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇచ్చే ఏర్పాటు 2025 జులైలో మొదలైంది, మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. దాంతో తొలగింపులు తగ్గుతాయని కొందరు ఆశించారు, తగ్గలేదు. ఫ్రాంక్లిన్‌ను తొలగించిన ఆ అక్టోబరులోనే లూసియానా స్టేట్ బ్రయన్ కెల్లీని తీసేసింది. ఆ ఖాళీలోకి నవంబరు 30న ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) నుంచి లేన్ కిఫిన్ వెళ్లారు, అప్పటికి ఆయన జట్టు ఒక్క ఆటే ఓడి, జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లబోతోంది. అక్కడి కుర్రాళ్లు తమ జీవితంలోని అతిపెద్ద ఆటలను డిఫెన్స్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్ ఆధ్వర్యంలో ఆడాల్సి వచ్చింది.

అదే అక్టోబరులో ఒక మంచి మార్పు కూడా వచ్చింది. కోచ్ మారిన జట్టు ఆటగాళ్లకు పోర్టల్ ఇప్పుడు తొలగింపు మర్నాడు కాక, కొత్త కోచ్‌ను ప్రకటించిన 5 రోజుల తర్వాత 15 రోజుల పాటు తెరుచుకుంటుంది. మా రెండు వారాల్లో ఈ నిబంధన ఉండి ఉంటే, తాత్కాలిక కోచ్ గదిలోకి వచ్చిన కుర్రాళ్లు ఎవరు వస్తారో తెలియకుండా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చేది కాదు, కొత్త మనిషిని కలిసి మాట్లాడాకే ఉండాలో వెళ్లాలో తేల్చుకునేవారు. సిబ్బందికి మాత్రం ఇలాంటి నిబంధన ఏదీ లేదు. ఈ రంగంలోకి వస్తామని నన్ను సంప్రదించే తెలుగు విద్యార్థులు ఇటీవల పెరిగారు, డేటా పనులు పెరుగుతున్నాయి కనుక ఇంకా పెరుగుతారు. వారికి నేను మొదట చెప్పేది ఒక్కటే. చేరే ముందు హెడ్ కోచ్ ఒప్పందం ఎన్నేళ్లు మిగిలి ఉందో చూడండి, ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే అది బహిరంగ పత్రమే. మీ నియామక పత్రంలో మీ ఉద్యోగం ఫుట్‌బాల్ విభాగానికి చెందినదా, మొత్తం అథ్లెటిక్ విభాగానికి చెందినదా అని అడగండి. రెండోదైతే, కోచ్ మారిన నాడు మిమ్మల్ని బాస్కెట్‌బాల్‌కో బేస్‌బాల్‌కో మార్చే వీలు ఉంటుంది. ఇప్పుడు నేను పనిచేస్తున్న చోట నా పత్రంలో ఆ మాటను చేర్చమని అడిగి రాయించుకున్నాను, మా హెడ్ కోచ్ ఒప్పందం ఇంకా మూడేళ్లు ఉంది.